శివారు పట్టణంలో ఇల్లు కొనడం: అడ్వాన్స్ ఇచ్చేముందు జాగ్రత్తలు

- ఇంటిని గట్టి వాన పడిన మర్నాడు కూడా చూడండి. గోడ అడుగున మూరెడు మేర మాత్రమే కొత్త రంగు కనిపిస్తే చెమ్మను కప్పిపెట్టారేమోనని అనుమానించాల్సిందే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు 5 మిల్లీమీటర్లు దాటితే పునాది కుంగి ఉండొచ్చు. ఇంజనీరుకు చూపించాకే బేరం మాట్లాడండి.

- కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార సన్నబడుతుందేమో గమనించండి. మురుగు ఎటు పోతుందో అడగండి.

- పక్కన ఖాళీ స్థలం ఉందని మురిసిపోకండి. అక్కడ ఏం రాబోతోందో, రోడ్డు వెడల్పులో మీ ప్రహరీ పోతుందేమో పట్టణ ప్రణాళిక మ్యాపులో చూడాలి. "త్వరలో రోడ్డు పడుతుంది" అన్న మాటకు మాత్రం పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

- ఆఫీసు వేళలో ఆ ఇంటి నుంచి మీ ఆఫీసుకు ఒకసారి వెళ్లి రండి, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది.

- దస్తావేజులోని కొలతలను టేపు పట్టి సరిచూడండి. తాకట్టు, పన్ను బకాయిలు లేవని లాయరు తేల్చాకే అడ్వాన్స్, అదీ రసీదు మీద.