చిటికెన వేలి మీదే నేరం మోపకండి: మూవబుల్ బ్లూస్ షఫుల్‌లో సమస్యలు, పరిష్కారాలు

గిటార్ ఓపెన్ స్ట్రింగ్స్ (వేలితో నొక్కకుండా మోగే తీగలు) మీద బ్లూస్ షఫుల్, అంటే ఆ సంగీతపు ఊగే నడక, చాలామందికి వారంలో పట్టుబడుతుంది. రూట్ (కార్డుకు పేరిచ్చే స్వరం) తీగను ఊరికే వదిలేస్తాం, పక్క తీగ మీద రెండు వేళ్లతో పని అయిపోతుంది. చిక్కంతా పాడేవాళ్లు "శ్రుతి కాస్త పెంచండి" అన్నప్పుడు మొదలవుతుంది. ఒక ఆదివారం మా ఇంట్లో నలుగురం కూర్చున్నప్పుడు నాకు అదే జరిగింది. పాడే అమ్మాయికి అర మెట్టు పైకి కావాలి, నా చేతిలో ఉన్నది ఓపెన్ తీగల నడక ఒక్కటే. కాపో (శ్రుతి పెంచడానికి నెక్‌కు బిగించే క్లిప్పు) పెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ ఓపెన్ తీగ మోగుతూనే ఉంటుంది. ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కడ్డీ) మీద నొక్కిన తీగనైతే వేలు కాస్త సడలించి, అనుకున్న క్షణంలో ఆపేయొచ్చు. ఈ మూవబుల్ (ఏ ఫ్రెట్‌కైనా జరుపుకోగల) ఆకారం నేర్చుకోవడానికి నా దృష్టిలో అసలు కారణం అదే.

ముందు ఆకారం చూద్దాం. జీ శ్రుతిలో చూపుడు వేలు ఆరో తీగ (అన్నిటికన్నా లావు తీగ) మూడో ఫ్రెట్ మీద. ఉంగరం వేలు ఐదో తీగ ఐదో ఫ్రెట్ మీద. ఈ రెండు తీగలనే కలిపి రెండుసార్లు మీటాలి. తర్వాత చిటికెన వేలు అదే ఐదో తీగ ఏడో ఫ్రెట్ మీద పడుతుంది, మళ్లీ రెండుసార్లు. నాలుగు బీట్ల బార్‌లో ఇది రెండు విడతలు వస్తుంది. బూగీవూగీ అనే బ్లూస్ పియానో శైలి వాయించేవాళ్ల ఎడమ చేతి నడకే గిటార్ మీద ఇలా స్థిరపడింది. బ్లూస్ గాయకుడు, గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డాలస్‌లో చేసిన రికార్డింగులు వింటే గిటార్ లావు తీగల మీద ఆ ఎడమ చేయి నడవడం తెలుస్తుంది.

"చిటికెన వేలు అందడం లేదు"

అందరూ మొదట చెప్పేది ఇదే. మా చెయ్యి చిన్నదండీ అంటారు. చాలాసార్లు కారణం చెయ్యి సైజు కాదు, మొదలుపెట్టిన చోటు. 648 మిల్లీమీటర్ల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న గిటార్‌లో మొదటి ఫ్రెట్ నుంచి ఐదో ఫ్రెట్‌కు సుమారు 126 మిల్లీమీటర్లు. మూడు నుంచి ఏడుకు 112. ఎనిమిది నుంచి పన్నెండుకు 84 మాత్రమే. ఎఫ్ శ్రుతిలో, అంటే మొదటి ఫ్రెట్ దగ్గర, మొదలుపెట్టి అందలేదని బాధపడేవాళ్లు ఇదే ఆకారాన్ని ఎనిమిదో ఫ్రెట్ దగ్గర పెట్టి చూడండి. అక్కడ హాయిగా వచ్చాక ఏడుకు, ఆరుకు, అలా రెండు మూడు రోజులకో ఫ్రెట్ చొప్పున మూడు దాకా దిగండి.

రెండో కారణం బొటన వేలు. అది నెక్ మీదుగా పైకి తొంగి చూస్తుంటే అరచెయ్యి నెక్‌కు అతుక్కుపోతుంది, వేళ్లకు చాపుకునే చోటుండదు. బొటన వేలిని నెక్ వెనక మధ్యకు దించండి. నెక్ తల వైపు కాస్త పైకి లేపి పట్టుకుంటే మణికట్టు వంపు కూడా తగ్గుతుంది.

మూడోది చాలామంది గమనించరు. చిటికెన వేలు ఏడో ఫ్రెట్ మీద పడ్డాక ఉంగరం వేలు ఐదో ఫ్రెట్ మీద ఉండాల్సిన పనే లేదు. రెండూ ఒకే తీగ మీద ఉన్నాయి, మోగేది పై ఫ్రెట్ స్వరమే. ఉంగరం వేలిని వదిలేయండి. ఆ ఒక్క పనితో అందుకున్నవాళ్లను నేను చూశాను. వేళ్లు లాగినట్టు ఉండడం మామూలే. మణికట్టులో నొప్పి, తిమ్మిరి వస్తే మాత్రం ఆ పూటకు ఆపేయండి.

"స్వరాలు సరిగ్గానే ఉన్నాయి, కానీ బ్లూస్‌లా లేదు"

నన్నడిగితే అసలు జబ్బు ఇదే. వేలు అందకపోతే వెంటనే తెలుస్తుంది. నడక తప్పితే మాత్రం నెలల తరబడి తెలియదు, ఎందుకంటే వాయించేటప్పుడు మన చెవి చేతి వెంటే పోతుంది. ఫోన్‌లో ఒక నిమిషం రికార్డు చేసి, గిటార్ పక్కన పెట్టి వినండి.

ఒక్కో బీట్‌లో రెండు దెబ్బలున్నాయి. మొదటిది బీట్ మీదే పడుతుంది. రెండోది ఎక్కడ పడుతోందన్నదే ప్రశ్న. మన తాళం లెక్కలో ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. మెట్రోనోమ్ 60 (నిమిషానికి 60 టిక్కులు) మీద పెట్టి, ముందుగా ఒక్కో టిక్కుకు "తకధిమి" అనుకోండి. మీ దెబ్బలు "త" మీద, "ధి" మీద పడుతున్నాయంటే బీట్‌ను సగానికి కోస్తున్నారు. స్కూల్ బ్యాండు మార్చింగ్‌లా వినిపిస్తుంది. "త" మీద, "మి" మీద పడుతుంటే రెండో దెబ్బ బాగా ఆలస్యమవుతోంది, గుర్రం దౌడు తీసినట్టు ఉంటుంది. షఫుల్ ఈ రెండూ కాదు. అది తిస్రం, బీట్‌కు మూడు భాగాలు. టిక్కుకు "తకిట" అనుకుని, "త" మీద ఒక దెబ్బ, "ట" మీద ఒక దెబ్బ. "కి" మీద చెయ్యి కదలదు.

కాబట్టి మొదట గిటార్ పక్కన పెట్టేయండి. నోటితో "తకిట తకిట" అంటూ, కాలితో బీట్ వేస్తూ, త దగ్గర, ట దగ్గర తొడ మీద చరవండి. ఐదు నిమిషాలు. తర్వాత "కి"ని మనసులోనే అనుకుంటూ "తా-ట తా-ట" అని పైకి అనండి. అప్పుడు గిటార్ తీసుకుని, ఎడమ చేత్తో తీగలను నొక్కకుండా ఊరికే మూసి, కుడి చేత్తో ఇదే కొట్టండి. స్వరం లేకుండా చిక్ చిక్ అని వినిపించే ఆ చప్పుడులోనే షఫుల్ ఉందో లేదో తేలిపోతుంది. అది కుదిరాకే ఎడమ వేళ్లు నొక్కాలి. మొదట అన్నీ కిందికి కొట్టే దెబ్బలే వాడండి, బరువు సమానంగా వస్తుంది.

60 దగ్గర బాగుండి 100 దాటగానే మార్చింగ్‌లోకి జారిపోతోందా? వేగం పెరిగేకొద్దీ త, ట మధ్య తేడా కొంత తగ్గడం సహజమే, దానికి టెన్షన్ పడొద్దు. పూర్తిగా పోతేనే వెనక్కి రండి.

"పక్క తీగలు కూడా మోగుతున్నాయి"

చూపుడు వేలిని మొనతో నిటారుగా దించితే మిగతా తీగలు ఖాళీగా ఉండిపోతాయి. వేలిని కాస్త పడుకోబెట్టండి. మొన ఆరో తీగను నొక్కాలి, మిగతా వేలు సన్న తీగలను నొక్కకుండా ఊరికే తాకాలి. రూట్ ఐదో తీగ మీదికి వెళ్లినప్పుడు అదే వేలి కొస ఆరో తీగకు తగిలి ఉండాలి. కుడి అరచేతి అంచును బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) మీద ఆనిస్తే శబ్దం ఇంకా బిగుస్తుంది. అయితే చెయ్యి ముందుకు జరిగిందంటే స్వరం పోయి దబ్ దబ్ మని మాత్రమే వస్తుంది. బ్రిడ్జిని దాటి కొద్దిగా, అంతే.

"చిటికెన వేలు పడ్డప్పుడు అపశ్రుతి"

తీగను కిందికి నొక్కకుండా పక్కకు లాగుతున్నారు. ట్యూనర్ పెట్టుకుని ఐదో తీగ ఏడో ఫ్రెట్ ఒక్కటే మీటి చూడండి, ముల్లు పైకి పోతుంటే అదే కారణం. ఫ్రెట్ కడ్డీకి దగ్గరగా నొక్కితే తక్కువ బలం చాలు.

"కార్డు మారే చోట తడబడుతున్నాను"

బ్లూస్‌లో ఒక చుట్టు 12 బార్లు. జీ శ్రుతిలో వాటి కార్డులు (కలిపి మోగే స్వరాలు) ఇలా: నాలుగు జీ, రెండు సీ, రెండు జీ, ఒక డీ, ఒక సీ, ఒక జీ, చివర ఒక డీ. సీ అంటే అదే ఆకారం, అదే మూడో ఫ్రెట్, రూట్ ఐదో తీగ మీదికి జరిగింది. డీ అక్కడి నుంచి రెండు ఫ్రెట్లు పైన.

దారి తప్పేవాళ్లు పన్నెండు వరకు లెక్కపెడుతూ ఉంటారు. అలా కాకుండా నాలుగేసి బార్ల మూడు పాదాలుగా వినండి. చాలా బ్లూస్ పాటల్లో మొదటి పాదం ఒక మాట చెబుతుంది, రెండో పాదం దాన్నే మళ్లీ అంటుంది, మూడో పాదం జవాబిస్తుంది. మొదటి పాదం జీతో, రెండోది సీతో, మూడోది డీతో ఎత్తుకుంటుంది. పాట మనసులో నడుస్తుంటే కార్డు దానంతట అదే వస్తుంది. కొన్ని పాటల్లో రెండో బార్‌కే సీ వస్తుంది, పాడేవాళ్లను ముందే అడగండి.

చెయ్యి ఆలస్యమయ్యేది మాత్రం వేరే కారణం వల్ల. చివరి "ట"ను కూడా నిండుగా మోగించాలని చూస్తారు. దాన్ని పొట్టిగా కోసేయండి. వేళ్లు తీగను వదలకుండా ఒత్తిడి మాత్రం తగ్గించి, ఆ ఖాళీలో జరగండి. వినేవాళ్లకు అది షఫుల్‌లో భాగంలాగే ఉంటుంది.

"మూడో తీగ మీద ఆకారం పనిచేయడం లేదు"

రూట్ ఆరు, ఐదు, నాలుగు తీగల మీద ఉన్నంతవరకు ఆకారం మారదు. మూడో తీగకు, రెండో తీగకు మధ్య దూరం మిగతా తీగల మధ్య ఉన్నదానికన్నా ఒక ఫ్రెట్ తక్కువ. అందుకే అక్కడ ఉంగరం వేలు రూట్ కన్నా మూడు ఫ్రెట్లు పైన, చిటికెన వేలు ఐదు ఫ్రెట్లు పైన పడాలి. నేనైతే అక్కడికి వెళ్లను. ఈ నడక లావు తీగల్లోనే బాగుంటుంది, పైన గొంతుకు చోటు మిగులుతుంది. ఆ ఆదివారం ఆ అమ్మాయి అడిగిన బీ ఫ్లాట్ కూడా ఆరో తీగ మీదే ఉంది, ఆరో ఫ్రెట్ దగ్గర.