టీవీ ఆపి అడగండి: పిల్లల కార్యక్రమాలతో సైన్సు అలవాట్లు నేర్పడం ఎలా

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు సైన్సు నేర్పడమంటే గ్రహాల పేర్లు బట్టీ పట్టించడం అనుకుంటారు చాలామంది. ఆ వయసులో అలవడాల్సినవి వేరు. చూసింది చూసినట్టు చెప్పడం, రెండిటి మధ్య తేడా పట్టడం, ఏదో ఒక గుణాన్ని బట్టి వేరు చేసి పెట్టడం, ఏం జరుగుతుందో ముందే ఊహించడం, కొలవడం, బొమ్మ గీసి దాచుకోవడం, "ఎందుకలా అనుకున్నావు?" అంటే కారణం చెప్పడం. మంచి పిల్లల కార్యక్రమాలు వీటన్నిటినీ చేసి చూపిస్తాయి. కాకపోతే చేసేది తెరమీది పాత్ర. ఆ పని మీ పిల్లల చేతుల్లోకి రావాలంటే మీరు పక్కన కూర్చుని, సరైన చోట పాజ్ నొక్కి, టీవీ కట్టేశాక అదే పని వాళ్లతో చేయించాలి.

ముందు సమయం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2 నుంచి 4 ఏళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు 1 గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. రెండేళ్లు నిండని పిల్లలకు అసలే వద్దు. ఈ పద్ధతికి అంత సమయం అక్కర్లేదు కూడా. 10, 12 నిమిషాల ఎపిసోడ్ ఒకటి, ఆ తర్వాత 20 నిమిషాల చేతిపని చాలు. రెండున్నర, మూడేళ్ల లోపు పిల్లలు ఎదురుగా మనిషి చేసి చూపితే నేర్చుకున్నంత బాగా తెర చూసి నేర్చుకోలేరు. వాళ్లకైతే టీవీ పక్కన పెట్టి, చేతిపని ఒక్కటే చేయించండి.

ఎపిసోడ్‌ను ముందు మీరొక్కరే చూడండి. అందులో ఒకే ఒక్క ప్రశ్న ఉండాలి. నీడ ఎందుకు పెద్దదవుతుంది, ఏది తేలుతుంది, ఇలాంటిది. పాత్ర ఒకటి అనుకుని, చేసి చూసి, తప్పని తెలిసి మాట మార్చుకునే ఎపిసోడ్ దొరికితే వదలకండి. తప్పును అంత మామూలుగా తీసుకోవడం పిల్లలు చూడటం చాలా అవసరం. కథ ఒక దారిన, సైన్సు ఒక దారిన పోయే ఎపిసోడ్లు పనికిరావు. పోయిన బొమ్మను వెతకడమే కథై, మధ్యలో ఎవరో వచ్చి అయస్కాంతం గురించి రెండు ముక్కలు చెప్పిపోతే, పిల్లలకు బొమ్మ గుర్తుంటుంది, అయస్కాంతం గుర్తుండదు. అయస్కాంతంతోనే బొమ్మ బయటికి వస్తే రెండూ గుర్తుంటాయి.

చూస్తూ ఆపాల్సిన చోట్లు నిమిషం, సెకనుతో సహా కాగితం మీద రాసుకోండి. రెండు చోట్లు చాలు, మూడు మించవద్దు. అంతకన్నా ఎక్కువసార్లు ఆపితే కథ తెగిపోతుంది, పిల్లలు విసుక్కుంటారు, మర్నాడు మీరు రిమోట్ పట్టుకుంటేనే ఏడుస్తారు. మొదటిది ఫలితం తెలియడానికి సరిగ్గా ముందు: "ఇప్పుడేమవుతుంది?" రెండోది ఫలితం చూశాక: "నువ్వనుకున్నదే అయిందా? ఏం తేడా కనిపించింది?" అడిగాక 5 నుంచి 10 సెకన్లు నోరు మెదపకండి. ఆ మౌనం పెద్దవాళ్లకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. తట్టుకోలేక మనమే జవాబు చెప్పేస్తాం, ఎక్కువ ఇళ్లలో పద్ధతి దెబ్బతినేది ఇక్కడే. "మునుగుతుంది కదా?" అని అడగడమూ అంతే, జవాబు అందులోనే ఉంది.

ఒకే ఎపిసోడ్‌ను వారంలో మూడు నాలుగు సార్లు చూపించడానికి వెనకాడకండి. అమెరికాలో 1996లో మొదలైన 'బ్లూస్ క్లూస్' మొదట్లో ఒకే ఎపిసోడ్‌ను సోమవారం నుంచి శుక్రవారం దాకా వరసగా ఐదు రోజులు ప్రసారం చేసేది. అందులో పాత్ర ప్రశ్న అడిగి, పిల్లలు బదులు చెప్పడానికి కాసేపు ఆగేది. మొదటిసారి పిల్లల దృష్టి అంతా కథ మీదే ఉంటుంది. మూడోసారికి ముందే జవాబులు అరుస్తారు. అప్పుడే "ఎందుకు?" అని అడిగే అదను.

ఇక చేతిపని. టీవీ కట్టేసిన వెంటనే, కుదరకపోతే అదే రోజు జరగాలి. మంచు కరగడం గురించిన ఎపిసోడ్ చూశారనుకుందాం. ఒకే ట్రేలోంచి తీసిన, ఒకే సైజు ఐసుముక్కలు రెండు తీసుకోండి. ఒకదాన్ని గిన్నెలో ఊరికే పెట్టండి. రెండోదాన్ని పొడి టవల్‌లో నాలుగు మడతలు చుట్టి, అలాంటి గిన్నెలోనే పెట్టండి. ఏది ముందు కరుగుతుందని అడిగితే చాలామంది పిల్లలు టవల్‌లోదే అంటారు. స్వెటర్ వేసుకుంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి గుడ్డ వేడి పుట్టిస్తుందని వాళ్ల లెక్క. అందులో తర్కం ఉంది, "కాదు" అని కొట్టిపారేయకండి. ఊహ బొమ్మ గీయించండి. బయటిది కరిగి సగమయ్యాక టవల్ విప్పండి. లోపలి ముక్క పెద్దదిగా ఉంటుంది. గుడ్డ వేడిని పుట్టించదు, గదిలోని వేడి ఐసు దాకా చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. స్వెటర్ కూడా ఒంటి వేడి బయటికి పోకుండా అడ్డుకుంటుంది, అంతే. నమ్మకపోతే గది ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటర్‌ను రాత్రంతా స్వెటర్‌లో చుట్టి ఉంచండి. పొద్దున తీసి చూస్తే గదిలో ఎంత ఉందో అందులోనూ అంతే ఉంటుంది.

దీంట్లో తేడా వచ్చే చోట్లు మూడు. నిమిషానికోసారి విప్పి చూస్తే గాలి తగిలి టవల్‌లోదీ త్వరగా కరుగుతుంది. పిల్లలు ముక్కను చేత్తో పట్టుకున్నా అంతే. ఇక గిన్నెలో చేరిన నీళ్లు కొలిచి తేల్చుదామనుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే నీళ్లను టవల్ పీల్చుకుంటుంది. మిగిలిన ఐసునే పక్కపక్కన పెట్టి పోల్చండి.

తేలడం, మునగడం ఎపిసోడ్‌కు గుప్పెడు ఆట బంకమన్ను, 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు చాలు. నూనె కలిసిన, నీళ్లలో కరగని రకం కావాలి. ఉండలా చుట్టి వేస్తే మునుగుతుంది. అదే మన్నును గిన్నెలా ఒత్తి, అంచులు పైకి లేపి వదిలితే తేలుతుంది. బరువు మారలేదు, ఆకారం మారింది, పక్కకు నెట్టే నీళ్లు ఎక్కువయ్యాయి. మన్ను మరీ పలచగా ఒత్తితే చిరిగి నీళ్లు లోపలికి వస్తాయి. నీళ్ల దగ్గర పిల్లలను ఒంటరిగా వదలకండి.

ఏటవాలు పలక మీద బొమ్మకారు వదిలే ఆటలో 60 సెంటీమీటర్ల పలక, ఎత్తుకు పుస్తకాలు వాడండి. ముందు ఒక పుస్తకం, తర్వాత మూడు. కారు ఆగినచోట నేలమీద టేపు ముక్క అంటించండి. పిల్లలు కారును వదలరు, తోస్తారు. తోస్తే ఎత్తు వల్ల దూరం పెరిగిందా, తోపు వల్ల పెరిగిందా తేలదు. కారు ముందు ఒక స్కేలు అడ్డం పెట్టి, దాన్ని ఎత్తమనండి.

తెర పిల్లలను తప్పుదారి పట్టించే సందర్భాలూ ఉన్నాయి. వాటిలో పెద్దది విత్తనం. టీవీలో పది సెకన్లలో మొలిచి ఆకు వేస్తుంది. అది చూసి పిల్లలు నాటిన గంటకే మట్టి తవ్వి చూస్తారు. చిక్కుడు గింజలు 8 నుంచి 12 గంటలు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి, మూతపెట్టని డబ్బాలో ఉంచండి. కొన్ని రోజుల్లో వేరు బయటికి వస్తుంది. గుడ్డ చెమ్మగా ఉండాలి, నీళ్లు కారకూడదు, కారితే గింజ కుళ్లి వాసన వస్తుంది. రోజూ అదే వేళకు, అదే చోటు నుంచి ఫోనులో ఫొటో తీయండి. వారం తర్వాత ఆ ఫొటోలను వేలితో గబగబా జరిపి చూపించండి. గింజ ఒక్కసారిగా మొలిచినట్టు కనిపిస్తుంది. టీవీవాళ్లు చేసిందీ అదేనని పిల్లలకు వాళ్లంతట వాళ్లకే తడుతుంది. సైజు విషయంలోనూ జాగ్రత్త: తెరనిండా కనిపించిన చీమను చూశాక, బయట నిజం చీమను స్కేలు పక్కన చూపించండి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎడమ పేజీలో ఊహ, కుడి పేజీలో జరిగింది, రెండూ బొమ్మలే. తారీఖు మీరు వేయండి. ఊహ తప్పితే పిల్లలు చెరిపేయబోతారు, చెరపనివ్వకండి. ఎపిసోడ్‌కు రెండు మూడు కొత్త మాటలు చాలు. ఊహ, తేడా, కరగడం లాంటివి. వాటిని ఆ వారమంతా అన్నం దగ్గరా, స్నానం దగ్గరా వాడుతూ ఉండండి.

"టీవీలో వచ్చింది, మనకు రాలేదు" అనే రోజు వస్తుంది. కంగారుపడి సర్ది చెప్పకండి. ఎపిసోడ్‌లో ఆ చోటుకు వెనక్కి వెళ్లి, వాళ్లు వాడిందేమిటి, మనం వాడిందేమిటి అని పిల్లలనే పోల్చమనండి. నీడ ఎపిసోడ్ అయితే తరచూ గదిలో రెండో దీపం వెలుగుతూ ఉంటుంది, లేదా బొమ్మ టార్చికి మరీ దూరంగా, గోడకు ఆనుకుని ఉంటుంది. కనిపించిన తేడాల్లో ఒక్కటే మార్చి మళ్లీ చేయండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు.