డక్టబుల్ ఏసీ: ఫాల్స్ సీలింగ్ మూయకముందే చూసుకోవలసినవి

వేసవిలోపు ఇంట్లో డక్టబుల్ ఏసీ (సీలింగ్ పైన దాచిన యూనిట్ నుంచి డక్టులనే గాలి గొట్టాల ద్వారా గదులకు చల్లగాలి పంపే ఏసీ) పెట్టించుకునేవారికి ముందుగా ఒక్క మాట: ఫాల్స్ సీలింగ్ పనివాళ్లను తొందరపెట్టకండి. యూనిట్, రాగి పైపులు, డ్రెయిన్ పైపు, డక్టులు అన్నీ సీలింగ్ పైకి వెళ్లిపోతాయి. తర్వాత ఏ లోపం బయటపడినా జిప్సం బోర్డు కోయక తప్పదు.

ఎక్కువ ఇళ్లలో ఇబ్బంది వచ్చేది నీటితోనే. ఏసీ చల్లబరిచేటప్పుడు గాలిలోని తేమ నీరై యూనిట్ కింది ట్రేలో చేరుతుంది. పంపు లేని యూనిట్‌లో ఆ నీరు వాలును బట్టే పోవాలి. డ్రెయిన్ పైపుకు మీటరుకు కనీసం 1 సెంటీమీటరు వాలు ఉండాలి. రసమట్టం పెట్టి చూపించమని అడగండి. మధ్యలో క్లాంపులు చాలక పైపు వంగితే అక్కడ నీరు నిలిచి, పాచి పట్టి, క్రమంగా మూసుకుపోతుంది. ఫ్యాను గాలిని లాగే వైపు ట్రే ఉన్న యూనిట్లకు యు ఆకారపు ట్రాప్ కూడా కావాలి. అది లేకపోతే ఏసీ నడుస్తున్నంతసేపూ నీరు ట్రేలోనే ఆగి, ఆపగానే ఒక్కసారిగా పొంగుతుంది. ట్రేలో మగ్గుతో నీళ్లు పోయించి, అవతలి కొసన ఆగకుండా పడుతున్నాయో లేదో మీరే నిలబడి చూడండి. పైపును నేరుగా మురుగు లైనుకు కలిపితే దుర్వాసన గదిలోకి వస్తుంది, ఒప్పుకోవద్దు.

విశాఖపట్నం, కాకినాడ వంటి తేమ ఊళ్లలో ఇన్సులేషన్ విషయంలో మరింత గట్టిగా ఉండాలి. క్లాంపు బిగించిన చోట చల్లటి పైపుల మీది నల్లటి నైట్రైల్ రబ్బరు తొడుగు నలిగి పలుచబడితే, సరిగ్గా అక్కడే చెమ్మ చేరి బొట్లు కారతాయి. డ్రెయిన్ పైపుకూ తొడుగు వేయించాలి.

యూనిట్ బరువు శ్లాబు మీదే పడాలి, సీలింగ్ ఫ్రేము మీద కాదు. యాంకర్ బోల్టులకు రంధ్రాలు వేసేముందు శ్లాబులో కరెంటు పైపులు ఎటు వెళ్లాయో తెలుసుకోండి. కొత్త అపార్టుమెంట్లలో పోస్ట్ టెన్షన్ శ్లాబు అయితే, లోపల బిగించి ఉన్న కేబుళ్లు తెగడం ప్రమాదకరం. బిల్డరు ఇచ్చిన నక్షా చూడకుండా డ్రిల్లు పట్టనివ్వకండి.

ప్రాణాల మీదికి వచ్చే విషయం మరొకటి ఉంది. పైపుల లీకేజీని నైట్రోజన్‌తో మాత్రమే, రెగ్యులేటర్ పెట్టి పరీక్షించాలి. వెల్డింగ్‌కు తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. దాన్ని కలిపితే లోపలి నూనెతో చేరి పేలిపోతుంది. ఏసీలో చల్లదనానికి నింపే ఆర్-32 గ్యాసు మండే స్వభావం ఉన్నది. అది నింపేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. గ్యాసు వదలడానికి ముందు పైపుల్లోని గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో లాగేయాలి. లోపలి పీడనం 500 మైక్రాన్ల (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) కిందికి దిగి, పంపు ఆపాక కూడా నిలవాలి. వాక్యూమ్ మీటరు లేకుండా గడియారం చూసి సరిపెట్టడం పని కాదు.

చల్లగాలి వచ్చే గ్రిల్లు గురించి అందరూ అడుగుతారు, తిరిగి వెళ్లే దారి ఎవరికీ పట్టదు. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపు అడుగుల గాలి తిరగాలి. రిటర్న్ గ్రిల్లు ఇరుకైతే గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. యూనిట్ కింద మోటారు, ట్రే బయటికి తీయగలిగేంత తలుపు పెట్టించండి. అందం చెడుతుందని డిజైనరు కాదన్నా వినకండి.

చివరగా బోర్డులు ఎక్కేముందు ఒక పూటంతా ఏసీ నడిపించి, ప్రతి జాయింటునూ చేత్తో తడిమి, ఫొటోలు తీసుకున్నాకే సీలింగ్ పనికి సరేననండి.