గుండె ధమనుల్లో పూడిక సీటీలో స్పష్టంగా కనిపించాలంటే

గుండె ధమని లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లే. అదీ ఆగకుండా కొట్టుకునే గుండె మీద ఉంటుంది. అందుకే కరోనరీ సీటీ యాంజియో (నరంలోకి డై ఎక్కించి గుండె ధమనులను చూసే సీటీ స్కాన్) బాగా వస్తుందో పాడవుతుందో, చాలావరకు పేషెంటు టేబుల్ ఎక్కకముందే తేలిపోతుంది.

12 గంటల ముందు నుంచి కాఫీ, టీ ఆపించండి. 4 గంటల ముందు నుంచి తిండి వద్దు కానీ నీళ్లు తాగాలి. నీళ్లు తాగనివాళ్లకు నరం దొరకదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడండి. ఇంతకుముందు ఎప్పుడైనా డై పడక ఎలర్జీ వచ్చిందేమో అడగండి.

గుండె వేగం నిమిషానికి 60కి దగ్గరగా ఉండాలి. 65 దాటితే డాక్టరు సాధారణంగా గంట ముందు గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ 50 నుంచి 100 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. ఆస్తమా, హార్ట్ బ్లాక్ (ధమనిలో పూడిక కాదు, గుండెలో విద్యుత్ సంకేతానికి అడ్డు) ఉన్నవాళ్లకు, పై బీపీ 100 లోపు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఊపిరి బిగపట్టడం రెండు మూడుసార్లు సాధన చేయించి, అప్పుడు మానిటర్‌లో వేగం ఎంతుందో చూడండి. అసలు లెక్క అదే. గుండెల నిండా పీల్చమనకండి, ముప్పాతిక చాలు. మరీ లోతుగా పీలిస్తే డై కలవని రక్తం గుండెలోకి ఎక్కువగా చేరి డై పలచబడుతుంది.

స్కానుకు అయిదు నిమిషాల ముందు నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తే ధమనులు విప్పారతాయి. అయితే లైంగిక సమస్యకు వాడే మాత్రల్లో సిల్డెనాఫిల్ గత 24 గంటల్లో, టాడలాఫిల్ గత 48 గంటల్లో వేసుకున్నవాళ్లకు ఇస్తే బీపీ ప్రాణాల మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. ఈ ప్రశ్న బంధువుల ముందు అడిగితే నిజం చెప్పరు, విడిగా అడగండి.

మొదట డై లేకుండా కాల్షియం స్కాన్ తీస్తారు. 120 కేవీ (ఎక్స్‌రే గొట్టానికి ఇచ్చే వోల్టేజి), 3 మిల్లీమీటర్ల స్లైసులు. 130 హెచ్‌యూ (ఎక్స్‌రేను ఎంత ఆపుతుందో చెప్పే సీటీ కొలత) దాటిన మచ్చలనే అగాట్‌స్టన్ స్కోరులో, అంటే ధమనుల్లో కాల్షియం ఎంతుందో చెప్పే స్కోరులో, లెక్కిస్తారు. కేవీ తగ్గిస్తే కాల్షియం హెచ్‌యూ పెరిగి స్కోరు తప్పుతుంది. స్కోరు సున్నా వస్తే కాల్షియం లేదనే అర్థం, మెత్తటి పూడిక లేదని కాదు. ఛాతీనొప్పితో వచ్చిన చిన్న వయసువాళ్ల విషయంలో ఇది మరవద్దు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వాడేవాళ్లకు స్కోరు కొంత పెరిగినా మందు పనిచేయట్లేదనుకోకూడదు. మెత్తటి పూడిక గట్టిపడటం వల్ల కూడా అలా జరుగుతుంది.

డైకి కుడి మోచేతి మడతలో 18 గేజ్ కాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) వేయండి. సెలైన్ నెట్టి చూసి, వాపు రాలేదని తేలాకే ఇంజెక్టర్ కలపండి. మిల్లీలీటరుకు 350–370 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్న డై సెకనుకు 5 ఎంఎల్ చొప్పున 60–70 ఎంఎల్, వెనుకే 40 ఎంఎల్ సెలైన్. సెలైన్ సరిగా వెళ్లకపోతే కుడి గుండెలో చిక్కటి డై నిలిచి, దాని చారలు కుడి ధమనిని కప్పేస్తాయి.

గుండె వేగం తక్కువుంటే ఆర్-ఆర్ వ్యవధిలో (ఈసీజీలో ఒక బీట్ నుంచి తర్వాతి బీట్ వరకు) 70–80 శాతం దగ్గర, ఎక్కువుంటే 35–45 శాతం దగ్గర చిత్రం నిలకడగా ఉంటుంది. ముందుగా కుడి ధమని మధ్యభాగం చూడండి, ఎక్కువగా కదిలేది అదే. ధమని మెట్లుమెట్లుగా తెగి కనిపిస్తే ఊపిరి వదిలుంటారు, లేదా మధ్యలో ఒక బీట్ తప్పుంటుంది. బీట్ తప్పితే ఈసీజీలో ఆ బీట్ తీసేసి చిత్రాన్ని మళ్లీ రీకన్‌స్ట్రక్ట్ చేస్తే (తిరిగి కూర్చితే) చాలాసార్లు దారికొస్తుంది.

కాల్షియం దాని అసలు పరిమాణం కన్నా ఉబ్బి కనిపిస్తుంది, దాంతో ఇరుకు ఎక్కువనిపిస్తుంది. అందుకే 0.6 మిల్లీమీటర్ల స్లైసులను రెండు రకాలుగా తీయండి: మెత్తటి పూడికకు మృదువైన కెర్నెల్ (చిత్రం ఎంత నునుపుగా, ఎంత పదునుగా రావాలో నిర్ణయించే ఫిల్టర్), కాల్షియానికీ స్టెంటుకూ పదునైనది. 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఫోటాన్ కౌంటింగ్ సీటీ ఈ ఉబ్బును బాగా తగ్గిస్తుంది. అందులోని కాడ్మియం టెల్యురైడ్ డిటెక్టర్ ప్రతి ఎక్స్‌రే ఫోటాన్‌నూ విడిగా లెక్కిస్తుంది, 0.2 మిల్లీమీటర్ల స్లైసులు ఇవ్వగలదు. గుండె వేగం అదుపులో లేకపోతే మాత్రం అదీ మసకబారుతుంది.

చదివేటప్పుడు ఇరుకు శాతంతో ఆగిపోవద్దు. 30 హెచ్‌యూ లోపు ఉన్న కొవ్వు, 3 మిల్లీమీటర్ల లోపు చిన్న కాల్షియం చుక్కలు, బయటికి ఉబ్బిన గోడ, పూడిక చుట్టూ ఉంగరంలాంటి అంచు కనిపిస్తే, ఇరుకు 40 శాతమే అయినా ఆ చోటును రిపోర్టులో విడిగా రాయండి. పాత స్కానుతో పోల్చాలంటే కేవీ, కెర్నెల్ రెండింట్లోనూ ఒకటే ఉండాలి, లేకపోతే హెచ్‌యూ తేడా పూడికలో వచ్చిన మార్పులా కనిపిస్తుంది. అందుకే ఆ రెండూ ఈ రిపోర్టులోనే రాసిపెట్టండి.