కొత్త ఇంట్లో కుదురుకోవడం – 3వ పాఠం: మొదటి వారం రాత్రులు

పోయిన పాఠం మొదటి రోజు సంచి దగ్గర ఆపాం. మందులు, చార్జర్లు, స్టవ్ లైటరు, ఒక గిన్నె, నాలుగు గ్లాసులు, అందరికీ ఒక జత బట్టలు వేరే సంచిలో పెట్టుకుని, దాన్ని వ్యానులో వేయకుండా మీ దగ్గరే ఉంచుకోమన్నాను. అది చేశారనుకునే ముందుకి వెళ్తున్నాను. సామాను దిగింది, పాలు పొంగించారు, వచ్చిన చుట్టాలు భోంచేసి వెళ్లిపోయారు. తలుపు గడియ పెట్టి లైటు ఆర్పగానే గుండె దడ మొదలైంది. ఈ పాఠం ఆ దడ గురించే.

చాలామంది అడిగే ప్రశ్న ఇది: ఇల్లు నచ్చే కదా తీసుకున్నాం, మరి రాత్రయ్యేసరికి ఈ టెన్షన్ ఏమిటి? ఒక కారణం మీ మెదడు కాపలా కాస్తూ ఉండడం. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపించింది. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి, గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ అర్ధభాగంలోని కొంత భాగం కుడివైపు అంత లోతుగా నిద్రపోలేదు, చిన్న చప్పుడుకే తుళ్లిపడింది. అదే మనుషులు మళ్లీ అదే చోట పడుకున్నప్పుడు ఆ తేడా పోయింది. అంటే మొదటి రాత్రుల్లో నిద్ర పట్టకపోవడం మీ బలహీనత కాదు, తెలియని చోట ఏ జీవమైనా చేసే పనే మీ ఒళ్లూ చేస్తోంది.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్లల్లో రెండు రాత్రులు నిద్ర లేకపోతే మూడో రోజు పొద్దున్నే "ఇల్లు అచ్చిరాలేదు" అనే మాట వచ్చేస్తుంది, ఆ మాట ఒకసారి ఇంట్లో పడిందంటే కుళాయి కారినా, పిల్లవాడికి జలుబు చేసినా అన్నీ దాని ఖాతాలోకే పోతాయి. వాస్తు చూపించుకుంటే మీకు ధైర్యంగా ఉంటుందంటే చూపించుకోండి, నేను కాదనను. కానీ మొదటి వారం నిద్రను బట్టి మాత్రం ఇంటి మీద ఏ తీర్మానమూ చేయకండి, గుమ్మాలు మార్పించకండి, ఓనర్‌కి ఫోన్ చేసి ఖాళీ చేస్తామనకండి.

ఇక సాధన. ఈ వారం ముఖ్యమైన పని ఇంటి చప్పుళ్లు నేర్చుకోవడం. నాకు తెలిసిన ఒకావిడ రాజమండ్రిలో సొంత డాబా ఇంట్లో ఏళ్ల తరబడి ఉండి, రిటైరయ్యాక హైదరాబాద్ నిజాంపేటలో కొడుకు వాళ్ల ఫ్లాటుకి వచ్చారు. తెల్లవారకముందే గోడలో ఎవరో నడుస్తున్నట్టు గరగరమని చప్పుడు, ఆవిడ లేచి కూర్చునేవారు, ఇక నిద్ర లేదు, పగలంతా తలనొప్పి. కొడుకు ఏం చేశాడంటే, "ఏం లేదమ్మా, పడుకో" అని ఊరుకోకుండా ఒకరోజు సాయంత్రం ఆవిణ్ణి కిందికి తీసుకెళ్లి సంపు, మోటారు చూపించి, వాచ్‌మన్‌తో ఒకసారి ఆన్ చేయించాడు, తర్వాత లిఫ్టులో మేడ మీదికి తీసుకెళ్లి ట్యాంకులో నీళ్లు పడడం చూపించాడు. వాళ్ల పడకగది గోడ వెనకే ఆ పైపు పోతోంది. తర్వాత కూడా కొన్నాళ్లు ఆ చప్పుడుకి మెలకువ వచ్చేది, కానీ "మోటారు వేశాడు" అనుకుని అటు తిరిగి పడుకునేవారు.

మీరూ అదే చేయాలి. పగటిపూట ఒక కాగితం తీసుకుని పడకగదిలో కాసేపు ఊరికే కూర్చోండి. ఫ్రిజ్ ఆగేటప్పుడు వచ్చే టక్కు, లిఫ్టు తలుపు, పైవాళ్లు కుర్చీ జరపడం, ఫ్లష్ చేస్తే డక్టులో నీళ్లు దిగడం, గాలికి కిటికీ రెక్క కొట్టుకోవడం, ఏది వినిపిస్తే అది రాసి, పక్కన అది ఎక్కడినుంచి వస్తోందో రాయండి. తెలియకపోతే లేచి వెళ్లి చూడండి, వాచ్‌మన్‌నో పక్కింటివాళ్లనో అడగండి. అడగడానికి మొహమాటపడకండి, పక్కింటి పిన్నిగారితో పరిచయం అవడానికి ఇంతకంటే మంచి వంక దొరకదు. రాత్రి మళ్లీ వినిపించినప్పుడు మనసులో దాని పేరు చెప్పుకోండి, అంతే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: వైర్లు కాలిన వాసన, గ్యాస్ వాసన, గడియ సరిగా పడకపోవడం లాంటివి భయం పోగొట్టుకోవాల్సిన విషయాలు కావు, వెంటనే బాగు చేయించాల్సినవి. తాళం మీద అనుమానం ఉంటే మొదటి రోజే మార్పించేయండి.

దీనికి తోడు, పడుకునే ముందు మంచం నుంచి బాత్రూమ్ దాకా జీరో బల్బు వెలుతురులో రెండుమూడు సార్లు నడవండి, స్విచ్చి ఏ ఎత్తులో ఉందో చేత్తో తడిమి చూసుకోండి. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి, పాత ఇంటి అలవాటుతో చీకట్లో ఎడమవైపు తిరిగి గోడకి కొట్టుకునేది వాళ్లే. ఈ వారం కొత్త దుప్పట్లు తీయకండి, పాత దిండు, పాత దుప్పటి వాసనే ఒంటికి ధైర్యం.

రెండో సాధన చింతలకి వేళ పెట్టడం. థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లో పరీక్షించి చూపిన పద్ధతి ఇది. రోజూ ఒకే టైముకి, ఒకే చోట, మంచం మీద కాకుండా, అరగంట కూర్చుని చింతలన్నీ రాయండి: అడ్వాన్స్ తిరిగి వస్తుందా, బడి బస్సు ఇటు వస్తుందా, గ్యాస్ కనెక్షన్ ఎప్పుడు మారుతుంది, అమ్మకి ఇక్కడ తోచుతుందా. చేయగలిగిన పని ఉన్న చింత పక్కన ఆ పని, చేసే రోజు రాయండి. ఏమీ చేయలేనిదాన్ని రాసి వదిలేయండి. మిగతా సమయంలో చింత తలెత్తితే "సాయంత్రం ఆరింటికి చూద్దాం" అని వాయిదా వేయండి. మొదట్లో అది వినదు, మళ్లీ మళ్లీ చెప్పాలి. సాయంత్రం కాగితం ముందు కూర్చునేసరికి పగలు పీకల మీదికి వచ్చినట్టున్నవి కొన్ని గుర్తుకే రావు.

పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగండి, హాల్లో మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాక మళ్లీ వెళ్లండి. గడియారం చూడకండి, ఉజ్జాయింపు చాలు. దడగా ఉంటే ముక్కుతో మెల్లగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది.

ఇంకో మాట. హోమ్స్, రాహే అనే ఇద్దరు మనోవైద్యులు 1967లో తయారుచేసిన ఒత్తిడి కొలమానంలో ఇల్లు మారడానికి 20 మార్కులే, జీవిత భాగస్వామి మరణానికి 100. ఇరవయ్యేనా అనుకోకండి. అందులోనే బడి మారడానికి ఇంకో 20, వేరే రకం ఉద్యోగానికి మారడానికి 36, మనవాళ్లు ఎక్కువగా ఇల్లు మారేది ఉద్యోగం కోసమో పిల్లల చదువు కోసమో కాబట్టి ఇవన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. మీవి కూడి చూసుకోండి, మీ మీద మీరు విసుక్కోవడం కొంచెం తగ్గుతుంది.

కొన్ని వారాలు గడిచినా నిద్ర, తిండి కుదరకపోతే, లేదా ఊపిరాడనంత భయం పదేపదే వస్తుంటే ఈ పాఠాలు చాలవు, డాక్టర్‌ని కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

4వ పాఠం పిల్లల గురించి, స్నేహితులు దూరమయ్యారని అలిగి కూర్చున్న పదేళ్ల పిల్లతో ఎలా మాట్లాడాలో చూద్దాం. ఈలోపు చప్పుళ్ల కాగితం తయారు చేసి ఫ్రిజ్ మీద అతికించండి, పిల్లల చేత కూడా అందులో రాయించండి.