నింఫ్ రంగు తడిపి చూశాకే ఎంచుకోండి

ట్రౌట్ చేపల కోసం నింఫ్ ఫ్లైలు (నీటి పురుగు పిల్లల్లా కనిపించేలా హుక్కుకు కట్టే ఎరలు) కట్టేవాళ్లు డబ్బింగ్ (ఎర ఒంటికి చుట్టే బొచ్చు) రంగును ప్యాకెట్లో చూసి ఖాయం చేసుకోకండి. చిటికెడు బొచ్చు తీసి నీళ్లలో ముంచి, తెల్ల పళ్లెంలో పెట్టి చూడండి. పొడిగా ఉన్నప్పుడు లేత గోధుమ రంగులో కనిపించే కుందేలు బొచ్చు తడిస్తే బాగా ముదురుతుంది. చేప చూసేది ఆ తడి రంగునే.

చాలామంది పట్టించుకోనిది అడుగున చుట్టే దారం. డబ్బింగ్ పల్చగా ఉంటే, తడిశాక దారం రంగు లోపలి నుంచి పైకి కనిపిస్తుంది. ఒకే ఆలివ్ బొచ్చును ఒక హుక్కుకు పసుపు దారం మీద, ఇంకోదానికి నల్ల దారం మీద కట్టి, రెండింటినీ గ్లాసు నీళ్లలో వేయండి. వేర్వేరు పురుగుల్లా ఉంటాయి!

ఏ రంగు కట్టాలో తేలకపోతే ఏట్లో ఒక రాయి తిప్పి చూడటమే. మేఫ్లై అనే పురుగుల నింఫ్‌లు ఎక్కువగా గోధుమ, ఆలివ్ ఛాయల్లో, పొట్ట వైపు కాస్త లేతగా ఉంటాయి. చూశాక రాయిని దయచేసి ఎలా ఉందో అలాగే పెట్టేయండి, వాటి ఇల్లు అదే.

ఇంగ్లండ్‌లో ఏవన్ నది సంరక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ తన ఫెజెంట్ టెయిల్ నింఫ్‌ను దారమే లేకుండా, ఫెజెంట్ అనే పక్షి తోక ఈక పోగులు, సన్నటి రాగి తీగతో కట్టారు. కట్టు, బరువు, మెరుపు మూడూ ఆ తీగతోనే వచ్చేస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది దీన్నే. లోతుగా, వడిగా పారే నీళ్లకైతే టంగ్‌స్టన్ పూస వేయండి. అదే సైజు ఇత్తడి పూసకు దాదాపు రెట్టింపు బరువుంటుంది.