దసరా సెలవులల్ల కస్టమ్ రోమ్ వేసేటోళ్ళకు జాగ్రత్తలు: యాప్ స్టోర్‌ల చక్రం తిరుగుతుంటే తిరగనియ్యిండ్రి

చలాన్ పేరు మీద వాట్సాప్‌ల వచ్చే ఏపీకే ఫైళ్ళ (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ళ) గురించి పోలీసులు మళ్ళా మళ్ళా హెచ్చరిస్తనే ఉన్నరు. పెళ్ళి పత్రిక, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ... పేరు మారుతది గని ఫైలు చేసే పని ఒక్కటే. ఇసొంటి వార్త చూసినప్పుడు హన్మకొండ, కాజీపేట హాస్టళ్ళల్ల ఫోన్లు రూట్ చేసుకునే, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తెచ్చుకునే పిలగాండ్లు నవ్వుకుంటరు. చలాన్ లింకు వాళ్ళు నొక్కరు, నిజమే. కానీ ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్ లోడ్ అయితలేదని టెలిగ్రామ్ గ్రూపుల అడిగి, మొఖం తెల్వనోడు పెట్టిన ఏపీకే వేసుకుంటరు. ఇద్దరి ఫోన్లల్లకు దొంగ వచ్చే తొవ్వ అదే.

సెలవులకు ముందు ఈ మాట ఎందుకంటే, రోమ్ మార్చేది, అంటే కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి వేరేటోళ్ళు చేసింది (కస్టమ్ రోమ్) వేసేది, ఎక్కువగ ఇప్పుడే. పొద్దుగాల హాస్టల్‌ల ఫ్లాష్ కొట్టి (కొత్త రోమ్ ఫోన్ల రాసి), మాపటికి ఏటూరునాగారం బస్సెక్కుతరు. ఫోన్ల గూగుల్ యాప్స్ ఉండవు, స్టోర్ ఖాళీ, ఊరు పోయేసరికి సిగ్నల్ ఒక్క గీత. తెల్లారి ఎవరికో పైసలు పంపాలె. ఓపిక తెగేది గక్కడనే.

బ్యాటరీ, బ్యాకప్ సంగతులు మీకు తెలుసు, చెప్ప.

స్టోర్ ఎందుకు తిరుగుతది

ఎఫ్-డ్రాయిడ్ మొదటిసారి తెరిచినప్పుడు యాప్‌లు చూపించదు. ముందు రిపాజిటరీల (యాప్‌లు దాచిపెట్టే సర్వర్‌ల) ఉన్న వేల యాప్‌ల జాబితాను, అంటే ఇండెక్స్‌ను, మొత్తం దించుకుంటది. దించుడుతోని అయిపోదు, దాన్ని విప్పి ఫోన్లున్న డేటాబేస్‌ల రాసుకోవాలె. 2 జీబీ, 3 జీబీ ర్యామ్ ఫోన్లల్ల ఈ రెండో పనికే నిమిషాలు పడతది. డౌన్‌లోడ్ అయిపోయినంక కూడ చక్రం తిరుగుతున్నదంటే నెట్ తప్పు కాదు, ఫోన్ పని చేస్తున్నది. అప్పుడు ఫోర్స్ స్టాప్ కొడితే పని మళ్ళా మొదటికొస్తది. చాలామంది నాలుగైదు సార్లు ఆపి, తెరిచి, "సర్వర్ డౌన్" అని తీర్మానం చేసేది ఇట్లనే. 2023 నుంచి వచ్చిన కొత్త రకం ఇండెక్స్‌తోని, మొదటిసారి గడిచిపోతే తర్వాత మారిన ముక్కలు మాత్రమే దిగుతయి. కాబట్టి ఆ మొదటిసారి హాస్టల్ వైఫై మీదనే కానియ్యాలె, బస్టాండ్‌ల కాదు.

రిపాజిటరీలు ఎన్ని పెడితే అన్ని ఇండెక్స్‌లు. ఎవరో వీడియోల చెప్పిండని పది పెట్టుకుంటరు. సెట్టింగ్స్‌ల రిపాజిటరీల పేజీ తెరిచి ఎఫ్-డ్రాయిడ్ అసలుది, కావాలంటే ఇజ్జీఆన్‌డ్రాయిడ్ అనే ఇంకో రిపాజిటరీ ఉంచి మిగిలినయి బంద్ చెయ్యిండ్రి. ఆర్కైవ్ రిపాజిటరీ పాత వర్షన్ల గోదాం, అది ఆన్ ఉంటే ఆపెయ్యిండ్రి. రిపాజిటరీ పేరు మీద నొక్కితే మిర్రర్ల (అవే ఫైళ్ళ నకలు ఉన్న వేరే సర్వర్ల) జాబితా వస్తది, ఒకటి మొండికేస్తే దాన్ని తీసేసి చూడొచ్చు. మొబైల్ డేటా మీద ఆటోమేటిక్‌గ ఏదీ దిగకుంట అదే సెట్టింగ్స్‌ల పెట్టుకోవాలె.

ప్లే స్టోర్ యాప్‌లు గూగుల్ ఖాతా లేకుంట దించుకునే అరోరా స్టోర్ కథ వేరు. దానికి సొంత సర్వర్ల యాప్‌లు లేవు, గూగుల్ సర్వర్ల నుంచే తెస్తది. అనానిమస్ లాగిన్ అంటే ఎందరో పంచుకునే ఖాతా. ఒక్కపారి అందరు మీద పడితే గూగుల్ వేగం తగ్గిస్తది, లేదా సెషన్ తెంపుతది. లాగౌట్ చేసి, కొంచెం ఆగి, మళ్ళా అనానిమస్‌గనే లాగిన్ కావాలె. వేగం కోసం మీ అసలు గూగుల్ ఖాతా అందుల పెట్టొద్దు. అది గూగుల్ షరతులకు విరుద్ధం, ఖాతా పోతే జీమెయిల్, ఫొటోలు అన్నీ పోతయి.

ఇంకో చిన్న కారణం, ఎవరు చూడనిది: తేదీ. ఫ్లాష్ చేసినంక ఫోన్ గడియారం ఏండ్ల కింది తేదీకి పోతది ఒక్కోసారి. తేదీ తప్పుంటే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ (సర్వర్ అసలుదే అని చూపే పత్రం) చెల్లదు, స్టోర్ ఊకె తిరుగుతది. ముందు అది చూడుండ్రి. తర్వాత ప్రైవేట్ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరును సర్వర్ అడ్రస్‌గ మార్చే సేవ) చూడుండ్రి. ప్రకటనలు ఆపనీకి పెట్టిన డీఎన్ఎస్, రూట్‌తోని మార్చిన హోస్ట్స్ ఫైలు (ఫోన్లనే ఉండే అడ్రస్‌ల జాబితా) స్టోర్ సర్వర్‌ను కూడ ఆపుతయి. ఆండ్రాయిడ్ 7.0, అంతకంటే పాత ఫోన్లల్ల లెట్స్ ఎన్‌క్రిప్ట్ (వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) కొత్త మూల సర్టిఫికెట్ లేదు. 2024 సెప్టెంబర్‌తోని పాత ఫోన్ల కోసం ఉన్న ఏర్పాటు కూడ ముగిసింది, ఆ సర్టిఫికెట్ వాడే సర్వర్లు అందుల తెరుచుకోవు. ఎంతసేపు ఆగినా లాభం లేదు, కొత్త రోమ్ వెయ్యాలె.

జైల్‌బ్రేక్ ఐఫోన్ (ఆపిల్ పెట్టిన తాళం తీసిన ఫోన్) ఉన్నోళ్ళకు ఒక్క ముక్క: అందుల వాడే సిడియా స్టోర్ 2008 నాటిది, మొదలుపెట్టినాయన 2018ల అండ్ల కొనుగోళ్ళు బంద్ చేసిండు. పనిచెయ్యని సోర్సులు (యాప్‌లు తెచ్చే సర్వర్లు) జాబితల ఉంటే ప్రతి రిఫ్రెష్‌ల ఒక్కొక్కదానికి టైమౌట్ దాక ఆగుతది. అవి తీసెయ్యిండ్రి, అంతే.

నాశనం చేసే తప్పు

స్టోర్ నెమ్మదిగ ఉన్నదని బయటి ఏపీకే తెచ్చుకునుడు. ఇదే అసలు సంగతి, మిగతావన్నీ దీని ముందల చిన్నయి.

తెరమీద జరిగేది గమనించుండ్రి. టెలిగ్రామ్‌ల ఏపీకే మీద నొక్కుతరు. "ఈ సోర్స్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చెయ్యనీకి అనుమతి లేదు" అని వస్తది. సెట్టింగ్స్ నొక్కి బటన్ ఆన్ చేస్తరు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఒక్కో యాప్‌కు వేరువేరుగ ఉంటది. మీరిచ్చింది ఆ ఒక్క ఫైలుకు కాదు, టెలిగ్రామ్‌కు. మర్నాడు టెలిగ్రామ్‌ల వచ్చే ఇంకో ఫైలును ఆ హెచ్చరిక ఆపదు. ఆ బటన్‌ను మళ్ళా ఆఫ్ చేసేటోళ్ళు బహు తక్కువ.

తర్వాత యాప్ ఎస్ఎంఎస్ అడుగుతది, ఇస్తే ఓటీపీలు పోతయి. యాక్సెసిబిలిటీ (చూపు, చేతి ఇబ్బంది ఉన్నోళ్ళకు సాయం చేసే అనుమతి) అడుగుతది, ఇస్తే తెర మీద ఉన్నది చదువుతది, మీ బదులు బటన్లు నొక్కుతది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇట్ల బయటి ఫైలు నుంచి వేసిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ సులువుగ దొరకదు, రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్ అని అడ్డం పడతది. "మూడు చుక్కలు నొక్కి అలో చెయ్యి అన్నా" అని ఎవడన్న చెప్తే వాడే దొంగ అనుకోవాలె. ఇగ ఫోన్ రూట్ అయి ఉండి సూపర్‌యూజర్ (రూట్ అధికారం) కూడ ఇచ్చినరా, అది బ్యాంకు యాప్ ఫోల్డర్ల దాక నేరుగ పోతది. మామూలు ఫోన్ల ఉండే గోడ మీ ఫోన్ల లేదు తమ్మీ, దాన్ని కూలగొట్టింది మీరే.

ఇప్పుడు చెయ్యాల్సినయి:

సెట్టింగ్స్, యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. వాట్సాప్, టెలిగ్రామ్, బ్రౌజర్, ఫైల్ మేనేజర్: అన్నీ ఆఫ్. స్టోర్ ఒక్కటే ఆన్.

ఎఫ్-డ్రాయిడ్ ఏపీకే దాని సొంత వెబ్‌సైట్ నుంచే. మ్యాజిస్క్ (ఫోన్‌ను రూట్ చేసే యాప్) గిట్‌హబ్ నుంచే. మ్యాజిస్క్ పేరుతోని ఉన్న వెబ్‌సైట్లు అసలువి కావు.

మ్యాజిస్క్ సెట్టింగ్స్‌ల ఆటోమేటిక్ రెస్పాన్స్ "ప్రాంప్ట్" (ప్రతిసారి మిమ్మల్ని అడుగుడు) మీద ఉండాలె. "గ్రాంట్" (అడగకుంటనే ఇచ్చుడు) మీద ఎప్పటికీ వద్దు.

ఇంటి ఖర్చుల యాప్, వాల్‌పేపర్ యాప్ సూపర్‌యూజర్ అడిగితే డినై.

స్టోర్‌ల లేని యాప్ కావాలంటే తయారుచేసినోళ్ళ రిలీజ్ పేజీ నుంచి. ఆ పేజీల నుంచే యాప్‌లు దించే ఒబ్టేనియం అనే యాప్ అందుకే ఉన్నది. వాళ్ళు ఎస్‌హెచ్ఏ-256 (ఫైలు మారలేదని చూసుకునే కోడ్) ఇస్తే పోల్చి చూడుండ్రి, చివరి నాలుగు అక్షరాలు కాదు, మొత్తం.

"యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని వస్తే పాతది తీసెయ్యొద్దు. ప్లే స్టోర్‌ది, ఎఫ్-డ్రాయిడ్‌ది డిజిటల్ సంతకాలు వేరు కావొచ్చు. తీసేస్తే డేటా పోతది. ముందు యాప్ లోపలి నుంచి ఎక్స్‌పోర్ట్ తియ్యిండ్రి, ముఖ్యంగ టూ-ఫ్యాక్టర్ (లాగిన్‌కు రెండో కోడ్) యాప్ నుంచి.

ప్లే స్టోర్ యాప్‌ల "మాడ్" (ఎవరో మార్చిన) వర్షన్ వద్దు. ఒక్కటి కూడ వద్దు.

కస్టమ్ రోమ్ మీద బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అయినప్పుడు ముందు నడిచే ప్రోగ్రామ్) మళ్ళా లాక్ చెయ్యొద్దు.

యూపీఐ ఉన్న సిమ్ రూట్ ఫోన్ల వద్దు. నాయిన ఫోన్ల బ్యాంకు నంబరు ఉంటే ఆ ఫోన్ మీద ప్రయోగాలు అసలే వద్దు.

స్టోర్ తిరుగుతున్నదా? తిరగనియ్యిండ్రి. బయటి ఏపీకే వద్దు. పైసలు పంపేది ఉంటే వేరే ఫోన్ల నుంచి పంపుండ్రి. బయటి ఏపీకే వద్దు.

ఇప్పటికే వేసుకున్నరా? ఏరోప్లేన్ మోడ్, వెంటనే. సిమ్ తీసి మామూలు ఫోన్ల వెయ్యిండ్రి. బ్యాంకుకు, 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్)కి ఫోన్. పైసలు పోయినయని తెలిసిన గంటలోపల చేస్తే అవతలి ఖాతాల ఆపే అవకాశం ఎక్కువ. ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగ్‌లు తీసెయ్యిండ్రి. పాస్‌వర్డ్‌లు ఆ ఫోన్‌ల మార్చొద్దు, వేరేదాంట్ల మార్చాలె. ఆ ఏపీకే వచ్చిన మెసేజ్, పంపినోడి నంబరు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవాలె, ఫిర్యాదుకు పనికొస్తది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి అయిపోయిందనుకోవద్దు, రూట్‌తోని బూట్, సిస్టమ్ భాగాలల్ల చేసిన మార్పు రీసెట్‌తోని పోదు. కంపెనీ స్టాక్ రోమ్ మొత్తం మళ్ళా ఫ్లాష్ చేసినంకనే ఆ ఫోన్ల సిమ్ పెట్టాలె.